రైలు పెట్టెలో కెమెరా ఎటు నిలబడింది: ఒక ట్రాన్స్‌జెండర్ పాత్రను తిరగరాసిన కేసు

నేను తెలుగు సినిమాలకు స్క్రిప్టు సలహాదారుగా పనిచేస్తున్నాను. రాసి పెట్టిన కథలో ఏ సన్నివేశం ఎందుకు నిలబడటం లేదో కనిపెట్టి, దర్శకుడితోనూ మాటల రచయితతోనూ కూర్చొని దాన్ని సరిచేయడం నా పని. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక స్క్రిప్టులోని ట్రాన్స్‌జెండర్ పాత్ర విషయంలో మేం చేసిన పొరపాట్లు, వాటి నుంచి బయటపడిన తీరు ఇతర రచయితలకు, ముఖ్యంగా ఇప్పుడిప్పుడే అసిస్టెంట్లుగా చేరుతున్నవారికి పనికొస్తాయన్న నమ్మకంతో ఈ కేసును నమోదు చేస్తున్నాను. సినిమా పేరు, సంస్థ పేరు, మనుషుల పేర్లు వదిలేశాను. పాత్రకు ఇక్కడ సుజాత అని వేరే పేరు పెట్టాను. కథలోని కొన్ని వివరాలను గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను. స్క్రిప్టు చదివి సలహా చెప్పినవారి మాటలను వారి అనుమతితోనే రాస్తున్నాను.

నేపథ్యం, నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదు

దర్శకుడికి అది రెండో సినిమా. బౌండ్ స్క్రిప్టు, అంటే మాటలతో సహా పూర్తిగా రాసి కట్టిన ప్రతి, సిద్ధంగా ఉంది, మొదటి షెడ్యూలుకు ఇంకా రెండు నెలలకు పైగా సమయం ఉంది. కథ క్లుప్తంగా ఇది: గోదావరి ఒడ్డున ఒక ఊరి నుంచి ఒక కుర్రాడు ఉద్యోగం వెతుక్కుంటూ స్నేహితుడితో కలిసి హైదరాబాదు రైలెక్కుతాడు. రైల్లో చప్పట్లు కొడుతూ డబ్బులడిగే సుజాత వాళ్లిద్దరినీ ఆటపట్టిస్తుంది. ఆ తర్వాత పోలీస్ స్టేషన్లో ఒకసారి, పెళ్లింట్లో ఒకసారి ఎదురవుతుంది. పన్నెండేళ్ల కిందట ఇల్లు వదిలి వెళ్లిపోయిన తన అన్నే ఈ సుజాత అని ఇంటర్వెల్ దగ్గర కుర్రాడికి తెలుస్తుంది. రెండో సగంలో అతని కోసం ఆమె ప్రాణం ఇస్తుంది.

దర్శకుడు చెప్పిన ఇబ్బంది ఒక్కటే. క్లైమాక్సులో ఎమోషన్ పండటం లేదు. ఆయన ఎవరికి నెరేషన్ ఇచ్చినా రైలు సీన్‌కు పొట్టచెక్కలయ్యేలా నవ్వుతున్నారు, సుజాత చనిపోయే సీన్‌కు మాత్రం ఫోను చూసుకుంటున్నారు. చివరి సీన్‌లో మాటలు బలహీనంగా ఉన్నాయని ఆయన అనుమానం, వాటిని మార్చి ఇవ్వమన్నారు.

నేను స్క్రిప్టు ఒకసారి మొత్తం చదివి, రెండోసారి సుజాత ఉన్న సీన్ పేపర్లు మాత్రమే విడిగా తీసి వరసగా చదివాను. ఈ పద్ధతిని ప్రతి సహాయ పాత్రకూ పాటిస్తాను, ఎందుకంటే కథ ఊపులో కొట్టుకుపోయే లోపాలు పాత్రను ఒంటరిగా నిలబెట్టినప్పుడు బయటపడతాయి. రైలు సీన్ పేపరులో ముందుగా చప్పట్ల చప్పుడు వినిపిస్తుంది. కిటికీ పక్కన పెద్దమనిషి కళ్లు మూసుకొని నిద్ర నటిస్తాడు. ఒకడు పర్సు సాక్సులో దూర్చుకుంటాడు. హీరో స్నేహితుడు పై బెర్తు ఎక్కి దుప్పటి కప్పుకుంటాడు. ఆ తర్వాతే ఆమె చేతి గాజులు, చీర అంచు, అన్నిటికంటే చివర ముఖం. ఆ ముఖం తెరమీదికి వచ్చేసరికి ఆమెకు ఎలా బెదరాలో ప్రేక్షకుడు అప్పటికే నేర్చుకొని ఉంటాడు. నవ్వు కూడా ఆమె అన్న మాటకు రావడం లేదు, ఎదుటివాళ్ల బెదురుకు వస్తోంది.

అక్కడే నాకు విషయం అర్థమైంది. మొదటి పది నిమిషాల్లో దూరం పెట్టమని నేర్పిన మనిషిని చివరి పది నిమిషాల్లో కౌగిలించుకొని ఏడవమంటే ప్రేక్షకుడి మనసు అంత తొందరగా తిరగదు. నొప్పి క్లైమాక్సులో కనిపిస్తున్నా రోగం మొదటి రీలులో ఉంది. ఈ మాట చెప్పినప్పుడు దర్శకుడు చాలాసేపు మాట్లాడలేదు. నిర్మాత మాత్రం ఒప్పుకోలేదు. సినిమాలో గ్యారంటీగా నవ్వొచ్చే సీన్ అదొక్కటేననీ, టికెట్టు కొని చూసేవాళ్లలో అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారనీ ఆయన అడిగారు. వ్యాపారం చేసే మనిషి అడగవలసిన ప్రశ్నే కాబట్టి జవాబు కూడా లెక్కల్లోనే చెప్పాను. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుషులు కాక ‘ఇతరులు’ అన్న గడిలో దేశం మొత్తం మీద 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది నమోదయ్యారు. అది కూడా లెక్క రాసేవారి ముందు చెప్పుకోగలిగినవారి సంఖ్య మాత్రమే. ఆ ఒక్కొక్కరికీ ఒక అమ్మ ఉంది, తోబుట్టువులు ఉన్నారు. మీ కథ తమ్ముడి కథ అయినప్పుడు, ఆ తమ్ముళ్లందరూ మీ ప్రేక్షకులే అన్నాను. ఆయన ఒప్పుకున్నారని చెప్పలేను గానీ రెండు వారాల గడువు ఇచ్చారు.

మొదటి ప్రయత్నం: మాటలు మార్చడం

మేం మొదట చేసింది అందరూ చేసే పనే. స్క్రిప్టులో బూతులుగా వాడే నాలుగు మాటలు ఉన్నాయి, వాటిని ఇక్కడ మళ్లీ రాయను. ఆ నాలుగింటినీ వెతికి, కొట్టేసి, ‘ట్రాన్స్‌జెండర్’ అని పెట్టాం. సుజాతను ‘వాడు’, ‘అది’ అన్నచోటల్లా ‘వారు’ అని మార్చాం. ఈ పని ఒక పూటలో అయిపోయింది.

అలా చేయడానికి కారణం భయం, ఆ సంగతి దాచకుండా చెప్పాలి. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపును, తమ లింగాన్ని తామే చెప్పుకొనే హక్కును గుర్తిస్తూ తీర్పు ఇచ్చింది. 2019లో చేసిన చట్టంలో వారిని మాటలతోగానీ చేతలతోగానీ హింసించినవారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలుశిక్ష పెట్టారు. సెన్సార్ మార్గదర్శకాల్లోనైతే జాతి, మత, ఇతర సమూహాలను కించపరిచే దృశ్యాలూ మాటలూ ఉండకూడదన్న నియమం 1991 నుంచీ ఉంది. నిర్మాత మేనేజరు ఇవన్నీ చెప్పి, ముందు మాటలు తీసేయమన్నారు. తీసేశాం.

ఆ వెర్షన్‌ను ఆఫీసులోనే ఆరుగురి ముందు చదివించాం. నవ్వు సరిగ్గా పాత చోటే, అంతే బిగ్గరగా వచ్చింది. బూతు లేకపోయినా పర్సు సాక్సులోకి వెళ్తూనే ఉంది, స్నేహితుడు పై బెర్తు ఎక్కుతూనే ఉన్నాడు. అవమానం ఆ నాలుగు మాటల్లో ఉందని మేం అనుకున్నాం. అది షాట్ల వరసలో ఉందని ఆ నవ్వు మాకు చెప్పింది. సెన్సార్‌లో మాట మ్యూట్ చేసినా పెదవి కదలిక తెలిసిపోయినట్టే, మాట మార్చినా చూపు మారలేదు.

రెండో ప్రయత్నం: దేవతను చేయడం

దర్శకుడు మంచి మనసున్న మనిషి. రైలు సీన్ పూర్తిగా తీసేసి, సుజాతను గొప్పగా చూపిద్దామన్నారు. రెండో వెర్షన్‌లో సుజాత డబ్బులడగదు. అనాథ పిల్లలను పెంచుతుంది, ఆమె దీవిస్తే జరుగుతుంది, శపిస్తే తగులుతుంది, అర్ధనారీశ్వరుడి విగ్రహం ముందు ఆమెపై ఒక పాట కూడా వచ్చింది. చివరికి తమ్ముడి కోసం కత్తిపోటు తింటుంది.

నాకు ఇది తప్పని అనిపించింది గానీ ఎందుకు తప్పో గట్టిగా చెప్పలేకపోయాను. మన ప్రేక్షకులకు ఈ దారి కొత్తది కాదన్నంతవరకు చెప్పగలిగాను. 2011లో తమిళం నుంచి అనువాదమై తెలుగునాట విపరీతంగా ఆడిన ‘కాంచన’లో ట్రాన్స్‌జెండర్ స్త్రీ పాత్రను గౌరవంగానే రాశారు, ఆమెకు ఆస్పత్రి కట్టాలన్న కోరిక ఉంది, ఒక బిడ్డను పెంచి డాక్టరీ చదివించిన తల్లితనం ఉంది. అయినా ఆ బతుకంతా ఫ్లాష్‌బ్యాక్‌లోనే చెప్పారు, మిగతా కథలో ఆమె దెయ్యంగానే ఉంటుంది. మన సినిమాల్లో మంచి ట్రాన్స్‌జెండర్ మనిషి చనిపోయినవారో చనిపోబోయేవారో అయి ఉండటం ఒక అలవాటుగా మారిందని దర్శకుడితో అన్నాను. ఆయన ఒప్పుకుంటూనే, ‘అయితే ఏం రాయాలి?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నాకు తెలియని విషయంలో నేను సలహాదారుగా కూర్చున్నానని ఆ రోజే అర్థమైంది. ఈ పని మొదటి రోజే చేయవలసి ఉండగా మూడు వారాలు ఆలస్యం చేశాను.

చదివించడం

ముగ్గురిని వెతికి పట్టుకున్నాం. ఒకరు హైదరాబాదు పాతబస్తీలో ఎంతోమంది చేలాలకు (శిష్యులకు) గురువుగా ఉన్న పెద్దావిడ. రెండోవారు గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఒక కర్రీ పాయింట్ నడుపుతున్న నలభై ఏళ్ల స్త్రీ. మూడోవారు పాతికేళ్ల ట్రాన్స్ పురుషుడు, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసినా మగవాడిగా బతుకుతున్న మనిషి, అకౌంట్స్ చదువుకొని ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నారు. ముగ్గురికీ స్క్రిప్టు చదివినందుకు డబ్బు ముందుగానే ఇచ్చాం. ఉచితంగా చదివించుకుంటే చేసిన సాయానికి మొహమాటపడి మంచి మాటలే చెబుతారు, ఫీజు తీసుకున్నవారు తప్పును తప్పంటారు. ఆఫీసులో కాకుండా కర్రీ పాయింట్ పైన ఉన్న గదిలో కూర్చోవాలని కూడా అప్పుడే నిర్ణయించాం. నిర్మాత ఆఫీసులో నలుగురు మగవాళ్ల మధ్య కూర్చోబెట్టి నిజం చెప్పమనడం సరికాదు.

పెద్దావిడకు చదువు తక్కువ, అందుకని నేనే చదివి వినిపించాను. దేవత వెర్షన్ మొత్తం ఓపిగ్గా విన్నారు. చివర్లో సుజాత శవానికి హీరో దండ వేసే సీన్ దగ్గర చెయ్యి ఎత్తి నన్ను ఆపారు. “బిడ్డా, బతికున్నప్పుడు ఆ పోరికి ఇంట్ల ఇంత బువ్వ పెట్టిన సీన్ ఒక్కటి లేదు. సచ్చినంక దండ మాత్రం మస్తు పెద్దది ఏసిన్రు.” నేను చెప్పలేకపోయిన కారణం ఇదే.

రైలు సీన్ తీసేశామని గర్వంగా చెప్పబోతే కర్రీ పాయింట్ ఆవిడకు కోపం వచ్చింది. “నేను తొమ్మిదేళ్లు రైళ్లలో అడుక్కున్నానండి. ఆ డబ్బుతోనే ఈ గ్యాస్ పొయ్యి కొన్నాను. అది చూపిస్తే మాకు అవమానమని మీరు తీసేస్తే, నేను తిన్న తిండి అవమానమన్నట్టే కదండి” అన్నారు. ఈ మాటతో మా నిర్ణయం మారిపోయింది. సీన్ ఉండాలి, అందులో కెమెరా చోటు మాత్రం మారాలి.

చప్పట్ల గురించి ఆ గదిలో విన్నది నేను ఎక్కడా చదవలేదు. అరచేతులు బోర్లుపడకుండా, వేళ్లు విడదీసి, మధ్యలో గుల్లగా ఉండేలా కొడితేనే ఆ చప్పుడు వస్తుందని పెద్దావిడ కొట్టి చూపించారు. మేం వస్తున్నామని చెప్పడానికి కొట్టేది వేరు, ఎవడైనా చెయ్యి వేస్తే తోటివాళ్లను పిలవడానికి కొట్టేది వేరు అన్నారు. మా స్క్రిప్టులో సుజాత ప్రతి మాటకూ ముందు చప్పట్లు కొడుతుంది, తన గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా. “ఇంట్ల కూర వండుకుంటప్పుడు చప్పట్లు కొడ్తమా బిడ్డా?” అని ఆమె అడిగినప్పుడు మా మాటల రచయిత తల వంచుకొని ఆ పేజీలన్నిటి మీదా గీతలు కొట్టారు.

పోలీస్ స్టేషన్ సీన్ కూడా ఆ గదిలోనే మారిపోయింది. పాత వెర్షన్‌లో సుజాతను వీధిలో ఊరికే పట్టుకొస్తారు, కానిస్టేబుల్ ఆమెతో డాన్సు చేయిస్తాడు, అది కామెడీ. నిజాం కాలంలో, అప్పటి ఫసలీ క్యాలెండరు ప్రకారం 1329లో, అంటే 1919లో చేసిన ఒక చట్టం ఉండేది. హిజ్రాలు బహిరంగ స్థలంలో ఆడవేషంలో కనిపించినా, ఆడినా, పాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చని, వారి పేర్లతో రిజిస్టరు పెట్టాలని అందులో రాశారు. తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది 2023 జులైలో. మేం నవ్వు కోసం రాసిన సన్నివేశం కొన్ని తరాల మనుషులకు చట్టం పేరుతో జరిగిన విషయం. పెద్దావిడ ఆ సీన్ వింటున్నప్పుడు నవ్వలేదు, కోప్పడలేదు, చీర కొంగు సర్దుకొని కిటికీ వైపు తిరిగారు. ఆ సీన్ తీసేశాం. దానికి బదులు మరేదీ పెట్టలేదు.

తిరగరాయడం

రైలు సీన్ ఇప్పుడు రైలులో మొదలుకాదు. తెల్లవారుజామున చిన్న స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద సుజాత, ఆమె దగ్గర కొత్తగా చేరిన పిల్ల టీ తాగుతూ చిల్లర లెక్కపెట్టుకుంటారు. సుజాత ఆ పిల్ల పమిటకు పిన్నీసు పెడుతుంది, గుచ్చుకుంటుందేమోనని బ్లౌజు కింద తన వేలు అడ్డం పెట్టి మరీ పెడుతుంది. రైలు వస్తుంది. ఎక్కేముందు సుజాత ఒక్క క్షణం ఆగి గొంతు సవరించుకుంటుంది. అప్పుడు చప్పట్లు. ఆ తర్వాత బోగీలో జరిగేవన్నీ దాదాపు పాతవే: నిద్ర నటించే పెద్దమనిషి ఉన్నాడు, పర్సు దాచేవాడు ఉన్నాడు. కెమెరా సుజాత భుజం వెనక ఉంది కాబట్టి, ఆ నటనలన్నీ ఆమెకు కనిపిస్తున్నాయని మనకు తెలుస్తోంది. తాను వచ్చేముందు నవ్వుతూ మాట్లాడుకుంటున్న మనుషులు తనను చూడగానే కళ్లు మూసుకోవడం రోజుకు నలభైసార్లు చూసే మనిషి ముఖం ఎలా ఉంటుందన్నదే ఇప్పుడు సీన్.

మరి నవ్వు? నిర్మాత అడిగింది న్యాయమైన ప్రశ్న కాబట్టి వదిలేయలేదు. సుజాతకే హాస్యం ఇచ్చాం. ఇంటి ఓనర్ అద్దె పెంచడానికి వచ్చినప్పుడు ఆమె ఆడే బేరం, కూరలో ఉప్పు ఎక్కువైందన్న కస్టమరుకు ఆమె ఇచ్చే జవాబు కర్రీ పాయింట్ ఆవిడ చెప్పిన సంగతుల నుంచే వచ్చాయి. ఆమెకు కథలో ఒక కోరిక కూడా పెట్టాం, చిన్నదే: సొంత పేరు మీద ఇల్లు అద్దెకు దొరకాలి. ‘ఆలోచించి చెబుతాం’ అన్న ఓనర్లు సినిమాలో ముగ్గురున్నారు. ఆమె చావును తీసేశాం, ఎందుకంటే తమ్ముడి కోసం చనిపోవడం కంటే తమ్ముడు వచ్చి ఆ అద్దె ఇంటి తలుపు కొట్టడం కష్టమైన విషయం.

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది మాత్రం క్రియాపదాల దగ్గర. తెలుగులో ‘నేను వచ్చాను’ అన్నప్పుడు అన్నది ఆడో మగో క్రియ చెప్పదు. ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని ఎదుటివాళ్లు అన్నప్పుడే లింగం తేలుతుంది. సుజాత తన గురించి తాను చెప్పుకొన్నంతసేపూ భాష ఆమెను ఏమీ అడగదు, ఇతరులు నోరు విప్పగానే తీర్పు చెబుతుంది. ఇది గమనించాక, ప్రతి పాత్ర సుజాత గురించి వాడే క్రియను ఒక పట్టికగా రాసుకున్నాం. ఎవరు ఏ సీన్‌లో ‘వచ్చాడు’ అంటారు, ఎవరు ఎక్కడ ‘వచ్చింది’కి మారతారు, ఆ మార్పుకు ముందు ఏం జరిగింది? కథలోని మలుపులన్నీ ఆ పట్టికలోనే కనిపించాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. అమ్మ చివరికి బిడ్డను ఒప్పుకొన్నట్టు తెలియడానికి ఆమె నోట ‘ఆమె అన్నం తిన్నదా?’ అని రాశాను. నాకు అది చాలా గొప్ప మాటగా తోచింది. కర్రీ పాయింట్ ఆవిడ చదివి, “ఏ అమ్మయినా కూతుర్ని ‘ఆమె’ అంటుందాండి? పొరుగింటావిణ్ణి అన్నట్టుంది. ‘అది తిందా’ అంటుంది మా అమ్మయితే” అన్నారు. బజారులో ఒక మనిషిని పశువుతో సమానం చేసే ‘అది’, వంటింట్లో కూతురికి దక్కే ‘అది’ ఒకే మాట. మొదటి ప్రయత్నంలో మేం దాన్ని బూతుల లెక్కలో వేసి ప్రతిచోటా కొట్టేశాం, పైగా ‘వారు’ అని పెట్టాం. ఆ ‘వారు’ చదువుతుంటే ఎమ్మార్వో ఆఫీసు నోటీసు విన్నట్టుందని కూడా ఆవిడే అన్నారు. చివరి వెర్షన్‌లో అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండా, ‘అది తిందా?’ అని చిన్నకొడుకును అడుగుతుంది.

నాన్న పాత్రకు అంత దూరం వెళ్లలేదు. ఆయన మొదటినుంచీ ‘ఎందుకొచ్చావురా’ అంటాడు, చివర్లో ‘ఎందుకొచ్చావు’ అంటాడు. ‘రా’ పోయింది, ‘ఏమే’ రాలేదు. దర్శకుడు అక్కడ ఒక కౌగిలింత కావాలన్నారు, వద్దన్నాను. పన్నెండేళ్లు ఆ పేరు ఎత్తని మనిషి ఒక్క అక్షరం వదులుకోవడం ఆ ఇంట్లో పెద్ద సంగతి. సుజాత పాత పేరు సినిమాలో ఎక్కడా వినిపించదు. అమ్మ పుట్టినప్పటినుంచీ ‘బుజ్జీ’ అనే పిలిచింది, ఆ పిలుపు ఏ బిడ్డకైనా సరిపోతుంది. పాత పేరు బయటపెట్టి ప్రేక్షకులను ఉలిక్కిపడేలా చేయవలసిన అవసరమే రాలేదు. సుజాత నోట మాత్రం ఒక్కచోట లింగం పలికించాం. గుమ్మం దగ్గర చుట్టాలు ఎవరు కావాలని అడిగితే, ‘నేనీ ఇంటిదాన్నే’ అంటుంది.

నటి, గొంతు, సంగీతం

పాత్రకు పేరున్న మగ నటుణ్ణి తీసుకుందామన్న ఆలోచన చాలాకాలం నడిచింది. దర్శకుడి వాదన బలమైనదే. కన్నడంలో సంచారి విజయ్ ‘నాను అవనల్ల అవళు’లో ట్రాన్స్ స్త్రీగా నటించి జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం తెచ్చుకున్నారు, ఆ నటనను నేనూ గౌరవిస్తాను. నా అభ్యంతరం మన ప్రేక్షకుల అలవాటు గురించి. 1963 నాటి ‘నర్తనశాల’లో ఎన్టీ రామారావు బృహన్నలగా వస్తే, ఆ వేషం లోపల గాండీవం పట్టిన అర్జునుడు ఉన్నాడని చూసేవారందరికీ తెలుసు, ఎప్పుడు బయటపడతాడా అని ఎదురుచూడటంలోనే ఆనందం ఉంది. అక్కడ కథే అజ్ఞాతవాసం కాబట్టి అది సరైనది. సుజాతది అజ్ఞాతవాసం కాదు. హీరో చీర కట్టుకొని వస్తే, ఎంత గొప్పగా నటించినా, లోపల ఫలానా హీరో ఉన్నాడన్న ఎరుక పోదు. సుజాత లోపల ఇంకెవరో ఉన్నారని చెప్పడమే ఈ కథను చంపుతుంది. లుక్ టెస్టులో అదే జరిగింది, సెట్లో ఉన్నవారు మేకప్ ఎంత బాగుందో మెచ్చుకున్నారు తప్ప సుజాత గురించి ఎవరూ మాట్లాడలేదు. తమిళంలో ‘పేరన్బు’లో అంజలి అమీర్‌ను మమ్ముట్టి సరసన తీసుకున్నట్టు, మేమూ ఆడిషన్లు పెట్టి ఒక ట్రాన్స్‌జెండర్ నటిని ఎంచుకున్నాం.

షూటింగ్ సాఫీగా సాగింది, దాని గురించి చెప్పవలసింది తక్కువ. చిక్కు డబ్బింగ్‌లో వచ్చింది. రైళ్లలో తీసిన సీన్లకు పైలట్ ట్రాక్, అంటే షూటింగ్‌లోనే రికార్డయిన మాటలు, పనికిరాదు, మళ్లీ చెప్పించాలి. మన దగ్గర కథానాయికలకే వేరేవారు గొంతు ఇవ్వడం మామూలు కాబట్టి, నటి గొంతు బొంగురుగా ఉందనీ, ఒక డబ్బింగ్ ఆర్టిస్టుతో చెప్పిద్దామనీ ప్రతిపాదన వచ్చింది. దశాబ్దాలుగా ఇలాంటి పాత్రలకు మగ ఆర్టిస్టులతో సాగదీసి వెక్కిరింతగా చెప్పించిన పరిశ్రమ, ఇప్పుడు తీయటి ఆడగొంతు పెడితే అది గౌరవం అనుకుంటోంది. రెండూ ఆమె గొంతు వినలేకపోవడమే. నటితో ఆమె సీన్లన్నీ రెండు రోజుల్లో చెప్పించాం. ‘నేనీ ఇంటిదాన్నే’ అన్న లూప్ (డబ్బింగ్‌లో ఒకసారికి చెప్పే ముక్క) దగ్గర ఆమె మూడుసార్లు ఆగిపోయారు. ఎవరమూ తొందరపెట్టలేదు. నాలుగోసారి చెప్పినది సినిమాలో ఉంది.

ఇంత జరిగాక కూడా మొదటి ప్రివ్యూలో రైలు సీన్‌కు పాత నవ్వే వచ్చింది. హాల్లో కూర్చున్న నాకు చెమట పట్టింది. మర్నాడు ఎడిటింగ్ రూములో సీన్‌ను శబ్దం లేకుండా వేసి చూశాం, బాగానే ఉంది. శబ్దంతో చూస్తే కారణం దొరికింది. ఆర్‌ఆర్‌లో (నేపథ్య సంగీతంలో) సుజాత బోగీలోకి అడుగుపెట్టేచోట డోలక్ మీద ఒక చిలిపి బిట్ ఉంది. సంగీత దర్శకుడి తప్పు కాదు. ఎడిటర్ ముందు పాత వెర్షన్ ఆధారంగా వేసుకున్న టెంప్ మ్యూజిక్‌లో (తాత్కాలిక సంగీతంలో) అది ఉంది, ఆయన దాన్నే అనుసరించారు. నలభై ఏళ్లుగా విన్న ఆ బిట్ పడగానే ప్రేక్షకుడి ముఖం దానంతటదే నవ్వుకు సిద్ధపడుతుంది. దాంతోపాటు స్నేహితుడు పై బెర్తు మీద కళ్లు పెద్దవి చేసే రియాక్షన్ షాట్ ఒకటి, రెండు సెకన్లు కూడా లేనిది, ఎడిట్‌లో మిగిలిపోయింది. డోలక్ తీసి రైలు చప్పుడు మాత్రమే ఉంచాం, ఆ షాట్ తీసేశాం. రెండో ప్రివ్యూలో ఆ సీన్‌కు ఎవరూ నవ్వలేదు. అద్దె బేరం సీన్‌లో హాలంతా నవ్వింది, నిర్మాత కూడా నవ్వారు. ‘అది తిందా?’ దగ్గర నా ముందు వరసలో ఒక పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఈ కేసు తర్వాత మారినవి, మిగిలినవి

సలహా కోసం మనుషులను పిలిచే సమయం గురించి నా అభిప్రాయం పూర్తిగా మారింది. బౌండ్ స్క్రిప్టు అయ్యాక చదివించడమంటే కట్టిన ఇంటికి పునాది ఎలా ఉందో అడగడం. ఇప్పుడు వన్ లైన్ ఆర్డర్ దశలోనే, అంటే సీన్లను ఒక్కో వాక్యంలో వరసగా రాసుకొనేటప్పుడే, కూర్చోబెడుతున్నాను, వారి ఫీజును బడ్జెట్లో ముందే రాయిస్తున్నాను. ఆర్‌ఆర్ అయ్యాక వారికి మరోసారి చూపించాలన్నది ఒప్పందంలో పెడుతున్నాను, ఎందుకంటే స్క్రిప్టులో తీసేసిన వెక్కిరింత డోలక్ రూపంలో తిరిగి వస్తుందని కళ్లారా చూశాను. ఏ స్క్రిప్టు చేతికొచ్చినా పెన్సిల్ పట్టుకొని, పాత్ర గురించి ఇతరులు వాడే క్రియల కింద గీతలు గీస్తున్నాను. ఇది ట్రాన్స్‌జెండర్ పాత్రలకే కాదు, పనిమనిషిని ‘వచ్చింది’ అని, యజమానురాలిని ‘వచ్చారు’ అని రాసే ప్రతి స్క్రిప్టుకూ పనికొస్తోంది.

పరిష్కారం కానిది కూడా ఒకటి ఉంది. మూడో పాఠకుడు, ఆ ట్రాన్స్ పురుషుడు, మొదటి రోజంతా దాదాపు మౌనంగా ఉండి, వెళ్లేముందు ఒక మాట అన్నారు: “మీరు అక్కల్ని తప్పుగా చూపించారు సార్, కనీసం చూపించారు. నాలాంటివాణ్ణి నేను తెలుగు తెర మీద ఇంతవరకు చూడలేదు.” ఆ సినిమాలో దానికి చోటు లేదు, ఏదో ఒక సీన్‌లో ఇరికించడం ఆయనకు మరో అవమానం అయ్యేది. రాయమని ఆయన్నే అడిగాను. ఆరు నెలల తర్వాత పన్నెండు పేజీలు పంపారు. మొదటి సీన్‌లో ఒక చిన్న టౌన్ సెలూన్, ఆదివారం రద్దీ. బెంచీ మీద ఒక కుర్రాడు పేపరు తిరగేస్తూ తన వంతు కోసం కూర్చొని ఉంటాడు. మంగలి తువ్వాలు దులిపి, తల ఎత్తకుండానే, ‘రా తమ్ముడూ, కూర్చో’ అంటాడు. కుర్రాడు పేపరు మడిచి లేస్తాడు.